ఎంగిలి వల్లే మా బాబుకు లింఫోమా వచ్చిందా? రిపోర్టులో ‘ఈబీవీ పాజిటివ్’ అని ఉంది

నర్సంపేట తల్లి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నాక రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మొన్నటి మేడారం జాతరలో వాడికి నిలువెత్తు బంగారం ఇచ్చుకున్నాం. 26 కిలోల బెల్లం తూగాడు. జాతర నుంచి వచ్చిన కొన్నాళ్లకు తల దువ్వుతుంటే కుడి చెవి కింద, మెడ మీద గట్టిగా ఏదో చేతికి తగిలింది. రేగుపండంత ఉంది. నొక్కితే నొప్పి లేదన్నాడు. ఒక చోట చూపిస్తే పంటి వల్ల అని యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గకపోతే ఇంకో చోటికి వెళ్లాం. అక్కడ సూది పరీక్ష చేసి, టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు ఒక్క పూట తప్పకుండా వేశాను. గడ్డ తగ్గలేదు సరికదా, దాని పక్కనే ఇంకో రెండు వచ్చాయి. సాయంత్రమైతే జ్వరం. రాత్రి బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. మొన్న తూకం వేస్తే ఇరవై రెండున్నర కిలోలు. జాతరలో తూగిన బెల్లం గుర్తొచ్చి నాకు కాళ్లు ఆడలేదు.

చివరికి వరంగల్‌లో ఒక సర్జన్ గడ్డ మొత్తం తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఇలా ఉంది: ‘క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా, మిక్స్‌డ్ సెల్యులారిటీ. సీడీ30 పాజిటివ్, సీడీ15 పాజిటివ్, ఈబీవీ ఎల్‌ఎంపీ1 పాజిటివ్’. ఇది లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక రకం కేన్సర్ అని, అయినా నయమయ్యే జబ్బే అని డాక్టర్ ధైర్యం చెప్పారు. సోమవారం హైదరాబాద్‌లో చేరాలి, కీమో మొదలవుతుంది.

నా బాధ ఆ చివరి ముక్క గురించి. ఈబీవీ అంటే వైరస్ అని, ఎంగిలి ద్వారా అంటుకుంటుందని మా మరిది ఫోన్‌లో చూసి ఇంట్లో చెప్పాడు. ఆ పూట నుంచి అత్తమ్మ వాడి కంచం వేరు చేసింది. పుట్టినప్పుడు వాడి పేరు కొట్టించిన స్టీలు కంచం. అది ఇప్పుడు పెరట్లో గోలెం దగ్గర గూట్లో ఉంటోంది. ఐదేళ్ల చెల్లెను వాడి పక్కన పడుకోనివ్వడం లేదు. వాడు అడిగాడు, “అమ్మా, నా కంచం బయట ఎందుకుంది?” అని. నేనేం చెప్పలేకపోయాను.

ఇంకొకటి ఉంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడికి పళ్లు సరిగా రాని రోజుల్లో మటన్ ముక్క నేను నమిలి, మెత్తగా చేసి నోట్లో పెట్టేదాన్ని. మా అమ్మ మాకు అలాగే పెట్టింది. మరి నా ఎంగిలి వల్లే వచ్చిందా? చెల్లెకు కూడా పరీక్ష చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

కాజీపేట నాన్న:

అమ్మా, మా పెద్దమ్మాయికి పదకొండేళ్లప్పుడు ఇదే జబ్బు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు. ఆ ఎనిమిది నెలలూ దాని చెల్లె దాని మంచం మీదే పడుకుంది. వైరస్ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే, సోమవారం ప్రయాణం మాత్రం ఏ కారణంతోనూ వాయిదా వేయకండి.

సుబేదారి స్లైడ్స్:

చెల్లే, నేను డాక్టర్‌ను కాను. వరంగల్‌లో ముక్క పరీక్షలు చేసే ల్యాబులో 31 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. మందుల గురించి చెప్పను. మీ రిపోర్టులో ఆ చివరి ముక్క ఎలా వస్తుందో, దాని అర్థం ఏమిటో చెప్పగలను. అలాంటి స్లైడ్లు నా చేతులతో చాలానే రంగు వేశాను.

తీసిన గడ్డ ఫార్మలిన్ సీసాలో మా దగ్గరికి వస్తుంది. నిలువుగా కోస్తాం. టీబీ గడ్డయితే చాలాసార్లు లోపల విరిగిన పాలలా, తెల్లగా పొడిపొడిగా ఉంటుంది. లింఫోమా అయితే కోసిన చేప ముక్కలా నున్నగా, బూడిద తెలుపులో మెరుస్తుంది. దాన్ని మైనంలో పోసి, గట్టిపడ్డాక మూడు నాలుగు మైక్రాన్ల మందంలో పొరలు తీసి గాజు మీదికి ఎక్కిస్తాం. హాడ్జ్‌కిన్‌లో ఒక చిత్రం ఉంది. ఆ గడ్డలో కేన్సర్ కణాలు చాలా కొద్దిగా ఉంటాయి. మిగతా అంతా వాటి చుట్టూ పోగైన మామూలు కణాలే. ఆ కొద్ది కణాలు పెద్దవి, లోపల రెండేసి కేంద్రకాలతో గుడ్లగూబ కళ్లలా కనిపిస్తాయి. సూది పరీక్షలో ఈ జబ్బు తప్పిపోవడానికి కారణం కూడా అదే. సూదికి వచ్చే నాలుగు చుక్కల్లో ఆ పెద్ద కణం పడకపోవచ్చు, గడ్డ అమరిక ఎలా మారిందో అసలే తెలియదు. అందుకే గడ్డ మొత్తం తీసి చూడాల్సి వస్తుంది.

ఇప్పుడు ఎల్‌ఎంపీ1. అది ఈబీవీ, అంటే ఎప్‌స్టీన్ బార్ వైరస్, తయారుచేసే ఒక ప్రొటీన్. దానికి మాత్రమే అంటుకునే మందు వేసి గోధుమ రంగు తెప్పిస్తాం. పాజిటివ్ స్లైడ్ చూస్తే ఆ పెద్ద కణాలు మాత్రమే గోధుమ రంగులో నిలబడి ఉంటాయి, చుట్టూ ఉన్న వేల చిన్న కణాలు నీలంగానే ఉంటాయి. మీ బాబు రిపోర్టులో ఆ మాటకు అర్థం ఇంతే. జబ్బు చేసిన కణాల్లో వైరస్ గుర్తు ఉంది. వాడి ఎంగిలి మనకు ప్రమాదమని ఆ మాటకు అర్థం కాదు.

ఈ వైరస్ ఎక్కువగా ఎంగిలి ద్వారానే వస్తుంది, మీ మరిది ఆ మాట వరకు సరిగ్గానే చదివాడు. అయితే దాని తరువాతి వాక్యం చదవలేదు. లోకంలో పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా ఇది ఉంటుంది. మన దగ్గర చాలామందికి బడికి పోయే ఈడు దాటకముందే వచ్చేస్తుంది. ఒకే గ్లాసు, కాకి ఎంగిలి చేసి పంచుకున్న జామకాయ, అంగన్‌వాడీలో నోట్లో పెట్టుకున్న బొమ్మ, ఏదైనా చాలు. పసితనంలో వస్తే మామూలు జ్వరంలా పోతుంది, చాలాసార్లు వచ్చినట్టే తెలియదు. యవ్వనంలో మొదటిసారి వస్తే గొంతు నొప్పి, మెడకు గడ్డలు, వారాల తరబడి నీరసం ఉంటాయి. తరువాత మన రక్తంలో బి కణాలనేవి ఉంటాయే, రోగాలతో పోరాడే యాంటీబాడీలు తయారుచేసేవి, వాటిలో అది జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. మీలో ఉండి ఉంటుంది, మీ అత్తమ్మలో ఉండి ఉంటుంది. ఇది రాస్తున్న నాలోనూ ఉండి ఉంటుంది. ఇక కంచం వేరు చేసి ఎవరిని ఎవరి నుంచి కాపాడినట్టు?

మరి అందరిలో ఉన్నది మీ వాడికే ఎందుకు ఇలా చేసింది? మన ఒంట్లో పుట్టే బి కణాల్లో పనికిరానివి చాలా ఉంటాయి. వాటిని ఒళ్లే చంపేస్తుంది, అది రోజూ జరిగే పని. ఎల్‌ఎంపీ1 అనే ప్రొటీన్ ఆ కణంలో దొంగ మీట లాంటిది. ‘బతుకు, పెరుగు’ అనే కబురు బయటి నుంచి రాకపోయినా వచ్చినట్టే కణాన్ని నమ్మిస్తుంది. చావాల్సిన కణం బతికిపోతుంది. అయినా అదొక్కటే చాలదు. ఆ కణం జన్యువుల్లో ఇంకా కొన్ని తప్పులు జరగాలి, ఒంటి కాపలా దాన్ని పట్టుకోలేకపోవాలి. ఇవన్నీ ఒకే కణంలో కలిసి రావడం లక్షల్లో ఒకరికి జరిగే సంగతి. తల్లి నమిలి పెట్టిన మటన్ ముక్కకూ దానికీ లంకె పెట్టకండి. మీరు పెట్టకపోయినా ఏదో ఒక పిల్లవాడి చాక్లెట్ నుంచి అది వాడికి వచ్చేదే.

వైరస్ ఒక్కటే చాలదని ఎలా తెలుసు అంటారేమో. దాన్ని కనిపెట్టిన కథలోనే ఆ జవాబు ఉంది, నాకు చాలా ఇష్టమైన కథ. ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పనిచేసేవారు. దవడలు వాచిపోయి వచ్చే పిల్లలను చూసి, అదొక ప్రత్యేకమైన గడ్డ అని 1958లో రాశారు. మలేరియా ఏడాది పొడుగునా బలంగా ఉండే వేడి, తేమ ప్రాంతాల్లోనే ఆ పిల్లలు ఎక్కువగా కనిపించారు. ఆయన ఉపన్యాసం విన్న ఆంటొనీ ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్త ఆ గడ్డల ముక్కలను లండన్‌కు తెప్పించుకుని వైరస్ కోసం వెతికారు. రెండేళ్లకు పైగా ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో ముక్క తెస్తున్న విమానాన్ని పొగమంచు వల్ల మాంచెస్టర్‌కు మళ్లించారు. సీసా ల్యాబుకు చేరేసరికి ఆలస్యమైంది, నీళ్లు మబ్బుగా ఉన్నాయి. మబ్బుగా ఉంటే బాక్టీరియా పట్టి చెడిపోయిందని పారేస్తారు. మేమూ అదే చేసేవాళ్లం. ఆయన ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఆ మబ్బంతా ముక్క నుంచి విడిపోయి బతికి తేలుతున్న గడ్డ కణాలే! వాటిని పెంచి, 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే వైరస్ కనిపించింది. ఆయనతో పనిచేసిన వాళ్లు ఇవాన్ బార్, బర్ట్ అచోంగ్. మనిషి కేన్సర్‌లో దొరికిన మొదటి వైరస్ అదే. పారేయబోయే సీసాలో ఇంకొక్కసారి చూడటం అనేది నేను కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆలోచించండి. వైరస్ లోకమంతా ఉంది, ఆ దవడ గడ్డలు మాత్రం ఎక్కువగా మలేరియా గట్టిగా ఉన్న చోటే వచ్చాయి. అంటే పిల్లల కాపలాను మలేరియా దెబ్బతీస్తే, బి కణాలు ఎడతెగకుండా పెరగాల్సి వస్తే, ఒక కణంలో పెరుగుదలను నడిపే మిక్ అనే జన్యువు చోటు తప్పితే, అన్నీ కూడితే జబ్బు. వైరస్ అందులో ఒక చెయ్యి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలోనూ, కిడ్నీ మార్చుకుని కాపలా తగ్గించే మందులు వాడేవాళ్లలోనూ లింఫోమా ఎక్కువగా రావడానికి కారణం ఇదే. హెచ్‌ఐవీ తానుగా బి కణంలో దూరి కేన్సర్ చేయదు, కాపలావాడిని పడగొడుతుంది. 2004లో మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అణిచి ఉంచేవి, ఇవ్వడం మొదలుపెట్టాక ఎందరి ఒంట్లోనో ఆ కాపలా మళ్లీ నిలబడింది. జపాన్ నైరుతి భాగంలో హెచ్‌టీఎల్‌వీ1 అనే ఇంకో వైరస్ ఉంది, అది టి కణాల లింఫోమా తెస్తుంది. అది మీకు సంబంధం లేనిది, ఫోన్‌లో కనిపిస్తే కంగారు పడకండి.

చెల్లెకు రక్త పరీక్ష వద్దు. ఈబీవీ ఐజీజీ చేయిస్తే పాజిటివ్ రావడానికే ఎక్కువ అవకాశం, ఏ ఇంటి పిల్లకు చేయించినా అంతే. డబ్బు పోతుంది, ఇంకో భయం మిగులుతుంది. మన దేశంలో పిల్లలకు వచ్చే హాడ్జ్‌కిన్‌లో ఎక్కువ భాగం ఈబీవీ పాజిటివే. అది ఉందని కీమో మారదు, వైరస్‌కు విడిగా మందూ వేయరు.

టీబీ మందులతో పోయిన రెండు నెలల గురించి నాకూ బాధగా ఉంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి మెడ గడ్డ అంటే మొదట అదే తోస్తుంది. మందులు వేసినా గడ్డ పెరుగుతుంటే, కొత్తవి వస్తుంటే ముక్క తీయమని మనమే అడగాలి. ఇది చదివే మిగతావాళ్లకు చెబుతున్నాను.

నర్సంపేట తల్లి:

అక్కా, రెండుసార్లు చదివాను. ఆ మటన్ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. పొద్దున అత్తమ్మకు చదివి వినిపిస్తాను. ఆమెకు వాడంటే ప్రాణం. మా మామయ్య టీబీతో పోయారు, అప్పుడూ ఇంట్లో కంచం వేరు చేశారట. ఆ భయంతోనే చేసింది, వేరే ఉద్దేశం లేదు. హెపటైటిస్ పరీక్షలు కూడా రాశారు, అవి ఎందుకు?

పరకాల రైతు:

దానికి నేను చెబుతాను బిడ్డా, నా సొంత అనుభవం. కీమో మందులు కాపలాను తగ్గిస్తాయి. ఒంట్లో హెపటైటిస్ బి నిద్రపోతూ ఉంటే ఆ అదను చూసి లేస్తుంది, లివర్‌ను దెబ్బతీస్తుంది. రిటక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌తో అది మరీ ఎక్కువ. ముందే తెలిస్తే బిళ్ల వేసి ఆపుతారు. అందుకే అందరికీ చేస్తారు.

నాకు 58 ఏళ్లు. ఎడమ డొక్క బరువుగా ఉండి, రెండు ముద్దలకే కడుపు నిండేది. స్ప్లీన్, అంటే ప్లీహం, బాగా పెరిగింది, అందులో నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫోమా అన్నారు. రక్తంలో హెపటైటిస్ సి దొరికింది. 1990లలో ట్రాక్టర్ బోల్తా పడి నాకు రక్తం ఎక్కించారు. అప్పట్లో ఆ రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి కాదు. డాక్టర్ కీమో మొదలుపెట్టలేదు. ముందు వైరస్‌ను తీసేద్దాం అన్నారు. 12 వారాలు రోజూ బిళ్లలు. వైరస్ పోయింది, ఆ తరువాత నెలల్లో స్ప్లీన్ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పత్తి చేనుకు నడిచి పోతున్నాను, ఆరు నెలలకోసారి స్కాన్. అందరి లింఫోమా ఇలా తగ్గదు, మీ బాబుకు కీమో కావాల్సిందే. 2018 నుంచి ఈ హెపటైటిస్ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, పాతకాలంలో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఒక్కసారి పరీక్ష చేయించుకోండి.

వార్డు సిస్టర్:

పిల్లల కీమో వార్డులో పనిచేస్తాను. అక్క చెప్పినదంతా నిజం. ఒక్క మాట కలుపుతాను. ఎంగిలి జాగ్రత్త అవసరమే, అయితే అది మీ నుంచి వాడికి. కీమో ఇచ్చిన వారం పది రోజులకు తెల్ల కణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో ఎవరి ఎంగిలీ వాడికి పెట్టకండి. అన్నం వేడిగా, అప్పుడే వండింది పెట్టండి. పచ్చి చట్నీలు, బయట కోసిన పండ్లు వద్దు. జలుబు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. బడిలోగానీ వాడకట్టులోగానీ ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిసి, వాడు ఆ పిల్లల దగ్గర ఉండి ఉంటే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి, పొక్కులు వచ్చేదాకా ఆగకండి. చెల్లెకు పోలియో చుక్కలతో సహా ఏ టీకా వేయించాలన్నా ముందు వాడి డాక్టర్‌ను అడగండి. థర్మామీటర్ కొనుక్కోండి. 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికే, ఇంట్లో పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. చెల్లె ఆరోగ్యంగా ఉంటే పక్కన పడుకోనివ్వండి, వాడికి అది చాలా అవసరం.

నర్సంపేట తల్లి:

పొద్దున జొన్నరొట్టెలు చేస్తూ అత్తమ్మకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి పెరట్లో చింతపండు వేసి కంచం తోముతున్న చప్పుడు వినిపించింది. లోపలికి తెచ్చి, నీళ్లు కాగబెట్టి దాని మీద పోసింది, ఆ సిస్టరమ్మ చెప్పింది కదా వాడికే జాగ్రత్త అని. మొదటి రొట్టె అందులోనే పెట్టింది. వాడు తన పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

రేపు తెల్లవారుజామునే బస్సుకు బయలుదేరుతున్నాం. ల్యాబు నుంచి ఏమేం తీసుకెళ్లాలి అక్కా?

సుబేదారి స్లైడ్స్:

రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. స్లైడ్లు, మైనం బ్లాక్ కూడా అడిగి తీసుకోండి, అక్కడి డాక్టర్లు మళ్లీ చూస్తారు. బ్లాక్ చిన్న ప్లాస్టిక్ గూడులో ఉంటుంది, దాని మీద నంబరు రిపోర్టు మీది నంబరుతో కలిసిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. స్లైడ్లను వాటి డబ్బాలోనే పెట్టి గుడ్డలో చుట్టండి. బస్సులో కిటికీ పక్కన ఎండ తగిలే చోట సంచి పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. ఒళ్లో పెట్టుకోండి.